పూలు కట్టని మంద

తమ్ముడు వెండెలిన్‌కు,

శనివారం ఇన్స్‌బ్రుక్ నుంచి మూడు బస్సుల్లో యాత్రికులను తెస్తున్నానని, ఆవులకు పూల కిరీటాలు పెట్టి కొండ దించమని రాశావు. ఈ ఏడాది కిరీటాలు ఉండవు. వేసవికి పైకి వెళ్లిన మందా, మనుషులూ క్షేమంగా దిగితేనే పూలు కట్టడం మన ఊరి పద్ధతి. జూలైలో చిన్నాన్న పైన పచ్చికలోనే పిడుగు పడి పోయాడు. ఆ వారం నీకు యాత్రికుల రద్దీ, రాలేకపోయావు.

నీ ఉత్తరం పిన్నికి చదివి వినిపించాను. "ఆవులన్నీ క్షేమమే కదా" అన్న మాట దగ్గర ఆపమంది.

"వాడు ఆవుల్నే లెక్కపెట్టాడే అమ్మాయ్! మీ చిన్నాన్నకి కొమ్ముల్లేవనేమో" అని నవ్వింది. తరువాత మెడగంటలు ముందేసుకుని, అవి మోగకుండా లోపల ఎండుగడ్డి కుక్కుతూ కూర్చుంది.

పూలు లేకపోతే వచ్చే ఏటి నుంచి బస్సులు పక్క లోయకు పోతాయన్నావు. పొరుగువాళ్లకు ఆ మాట చెప్పాను. ఆ ఒక్కరోజు జున్ను అమ్మకం వాళ్లకు చిన్నదేమీ కాదు. అయినా పూలు వద్దనే అన్నారు.

యాత్రికులు వస్తే రానీ. పూలు ఎందుకు లేవో బస్సు ఎక్కేముందే వాళ్లకు చెప్పించు. బస్సులు ఇంకెవరికైనా అప్పగించి, నువ్వు శుక్రవారమే పైకి రా. మంద ముందు చిన్నాన్న నడిచే చోట ఎవరు నడవాలో ఇంకా తేలలేదు. ఆయన కర్రను పిన్ని ఎవరికీ ఇవ్వలేదు.

అక్క