కెంపు పూస, మామ మచ్చ

శుక్రవారం, ఉప్పల్

అమెరికాల గంజాయి నూనెను చిన్న గిన్నెల వేడి జేసి ఆవిరి పీలుస్తరంట. ఆ గిన్నెల ఏసే చిన్న పూసలు ఇయ్యాల మా నాచారం గాజు షెడ్డుకు వచ్చినయి. క్వార్ట్జ్, కెంపు, నల్లటి సిలికాన్ కార్బైడ్. మూడింట్ల ఏది ఎక్కువసేపు వేడి పట్టుకుంటదో సూడమన్నడు ఓనరు. మూడు ఒక్కసారే మంట మీద కాల్చి దించిన.

నాకు పని నేర్పిన మల్లేశం మామ యాదికొచ్చిండు. "మన వేళ్లు మొద్దుబారినయిరా, వేడి పెదవికే తెలుస్తది" అనేటోడు. ల్యాబులకు పంపే ప్రతి గాజు గొట్టాన్ని పెదవికి తాకించి, సల్లగైతేనే డబ్బల పెట్టేటోడు.

జరసేపు ఆగి నేను గూడ గట్లనే జేసిన. క్వార్ట్జ్ సల్లగైంది. నల్లది గోరువెచ్చగ ఉంది. కెంపు సుర్రుమన్నది. కెంపే అని ఓనరుకు చెప్పిన. గిసొంటి పూసలు పరీక్ష జేస్తున్నమంటే మామ ఏమనేటోడో.

కింది పెదవి మీద బొబ్బ లేసింది. ఏందని ఇంట్ల అడిగితే ఛాయ్ కాలిందన్న.

మామకు గూడ సరిగ్గ ఆడ్నే నల్ల మచ్చ ఉండె. అడిగితే బీడీ కాలిందనేటోడు. ఇన్నేండ్లు నేను నమ్మిన.