బావిలో గౌరికి మూడు వందల పద్దెనిమిది ఓట్లు

హైదరాబాదు,
8 ఏప్రిల్ 1974

గోదావరిఖని కార్మిక కాలనీ రీడింగ్ రూము చూసుకుంటున్న లింగమూర్తి గారికి,

చిరుగంట బాలల పుస్తక సమితి కార్యదర్శి సదాశివ నమస్కరించి రాస్తున్నది.

ఈ ఏడాది నుంచి పిల్లల పుస్తకానికి ఒక బహుమతి ఇవ్వాలని మా సమితి నిర్ణయించింది. ఏ పుస్తకానికివ్వాలో పెద్దలు తేల్చరు. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలే చదివి ఓటు వేస్తారు. మీతో కలిపి పన్నెండు ఊళ్లకు ఐదేసి పుస్తకాలు, నలభయ్యేసి ఓటు చీటీలు పంపుతున్నాం. మే నెలాఖరుకల్లా చీటీలు మాకు చేరాలి. ఎవరి ఒత్తిడీ ఉండకూడదు. ఎన్నిక సక్రమంగా జరిపించే భారం మీదే.

భవదీయుడు,
సదాశివ

తా.క. పుస్తకాల మీద చాయ్ గ్లాసులు పెట్టనివ్వకండి. పోయినేడు ఊరికే చదవడానికి పంపినప్పుడు ఒక ఊరి నుంచి తిరిగొచ్చిన పుస్తకంలో కథ కంటే మరకలే ఎక్కువున్నాయి.


గోదావరిఖని,
28 మే 1974

గౌరవనీయులు సదాశివ గారికి,

లింగమూర్తి నమస్కారాలు. ఇక్కడ ఎండలు తప్ప అంతా క్షేమం.

ఎన్నిక బ్రహ్మాండంగా జరిగింది. మీరు పంపిన నలభై చీటీలు మొదటి గంటలోనే అయిపోయాయి. మిగతా పిల్లలు క్యాలెండరు కాగితాల వెనకా, సిగరెట్ పెట్టెల అట్టల మీదా రాసి ఇచ్చారు. అన్నీ గోనెసంచిలో కట్టి పంపుతున్నాను. 'వసంతకీరం' అనే ఆయన రాసిన 'బావిలోకి దిగిన గౌరి' అనే పుస్తకానికి మూడు వందల పద్దెనిమిది ఓట్లు వచ్చాయి. మిగతా నాలుగింటికీ కలిపి ఏడు.

ఇట్లు,
లింగమూర్తి

తా.క. అందులో లస్మవ్వ ఓటు కూడా ఉంది. ఆమెకు అరవై దాటాయి. వయసు కుదరదన్నాను. "నేను బడి మొకమే చూడలే. సదువు లెక్కన నాకింకా ఎనిమిదేండ్లు నిండలే" అన్నది. చీటీ తీసుకుని సంచిలో వేశాను.


హైదరాబాదు,
6 జూన్ 1974

లింగమూర్తి గారికి,

గోనెసంచి అందింది. విప్పిన తరువాత మా ఆఫీసంతా బీడీల వాసన.

మిగతా పదకొండు ఊళ్లలో 'గౌరి'కి వచ్చిన ఓట్లు అన్నీ కలిపి మూడు. మీ ఒక్క కాలనీలో మూడు వందల పద్దెనిమిది. మేము పంపింది ఒకే ప్రతి. ఏడు వారాల్లో అంతమంది చదవడం ఎలా సాధ్యం? ఎవరు ప్రచారం చేశారు? ఈ వసంతకీరం మీకేమన్నా చుట్టమా? నాకు తెలిసినంతవరకు అది ఎవరూ మెచ్చే పుస్తకం కాదు. వారంలోగా సంజాయిషీ రాకపోతే మీ కాలనీ ఓట్లన్నీ రద్దు చేయవలసి వస్తుంది.

సదాశివ

తా.క. లస్మవ్వ గారి ఓటు కొట్టివేశాను. ఆమెకు నా నమస్కారాలు చెప్పండి.


గోదావరిఖని,
12 జూన్ 1974

సదాశివ గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివి మనసు చివుక్కుమన్నది. వసంతకీరం ఎవరో, మనిషో చిలకో కూడా నాకు తెలియదు.

జరిగింది ఇది. ఇక్కడ బొగ్గు కొట్టే గట్టయ్యకు అనసూర్య అని పదకొండేళ్ల కూతురుంది. సాయంత్రం నల్లా నీళ్లకు బిందెలు వరుసలో పెట్టి గంటసేపు నిలబడాలి. ఆ గంటలో ఈ పిల్ల పుస్తకం తెచ్చి పైకి చదివేది. మొదట పదిమంది విన్నారు. వారం తిరిగేసరికి నీళ్లతో పని లేనివాళ్లు కూడా ఖాళీ బిందెలతో వచ్చారు. ఐదు పుస్తకాలూ చదివింది. 'గౌరి'ని మాత్రం పిల్లలు పదకొండుసార్లు చదివించుకున్నారు. మా దగ్గర జరిగిన ప్రచారం ఇంతే.

మీరు దొంగ ఓట్లంటున్నారని గట్టయ్యకు చెప్పక తప్పలేదు. ఆయన, "ఆ సారును ఒక్కపారి రమ్మను, అన్నా. బాయిల దించుత. అప్పుడు సమజైతది" అన్నాడు. ఉన్నదున్నట్టు రాశాను.

లింగమూర్తి

తా.క. లస్మవ్వ మీ నమస్కారం తీసుకోలేదు. ఓటు తిరిగిస్తే తీసుకుంటానన్నది.


హైదరాబాదు,
20 జూన్ 1974
(రిజిస్టర్డ్ పోస్టు)

శ్రీ లింగమూర్తికి,

నన్ను బావిలో దించుతానన్న గట్టయ్య గారి బెదిరింపును సమితి సమావేశంలో చదివి వినిపించాను. నాకు ఈత రాదు. వయసు యాభై నాలుగు. పిల్లల పుస్తకాల కోసం ప్రాణం మీదికి తెచ్చుకున్న మొదటి కార్యదర్శిని నేనే అయి ఉంటాను.

సభ్యులంతా చర్చించి, ఓట్లు చెల్లుతాయని ఏకగ్రీవంగా తీర్మానించారు. చర్చ నాలుగు నిమిషాలు జరిగింది. బహుమతి 'గౌరి'దే. పిల్లలను కలవడానికి రచయిత వసంతకీరం జూలై పద్నాలుగున స్వయంగా మీ ఊరు వస్తారు. ఆయనను ఏ బావి దరిదాపులకూ తీసుకుపోమని మీరు రాసి సంతకం చేసి పంపాలి.

సదాశివ

తా.క. లస్మవ్వ గారి ఓటు పునరుద్ధరించాం.


గోదావరిఖని,
27 జూన్ 1974

పెద్దలు సదాశివ గారికి,

తప్పు నాది. పట్నంలో ఉండే మీకు విడమరిచి రాయవలసింది. మా దగ్గర బాయి అంటే బొగ్గుగని. నీళ్ల బావి కాదు. పొద్దున లేచి గట్టయ్య పోయేదీ బాయికే, వచ్చేదీ బాయి నుంచే. తన కూతురు చదివిన కథ ఈ పిల్లలకు ఎందుకంత నచ్చిందో లోపలికి తీసుకుపోయి చూపిస్తే మీకే తెలుస్తుందని ఆయన ఉద్దేశం. మీకు ఈత రాదని చెబితే, టోపీ ఇస్తారు, దీపం ఇస్తారు, ఈతతో పని లేదన్నాడు.

అంతకంటే పెద్ద సంగతి మరొకటి ఉంది. రాయడానికి చెయ్యి రావడం లేదు.

రచయిత వస్తున్నారంటే, అడగవలసిన ప్రశ్నలు రాసుకుందామని నేను మొదటిసారి ఆ పుస్తకం తెరిచాను. అంతకుముందు నేను కూడా నల్లా దగ్గర విన్నవాణ్ణే. గౌరి మేకపిల్ల కోసం పాడుబావిలోకి దిగుతుంది, తాడు పుటుక్కున తెగుతుంది. అది నలభై ఎనిమిదో పేజీ. ఆ తరువాత ఉన్నది వెనక అట్ట. మిగతా పేజీలు మా ప్రతిలో కుట్టనే లేదు.

అనసూర్యను పిలిచి అడిగాను. "ఆడికే అయిపోయింది కాకా. పోరగాండ్లందరు నా మొకమే చూస్తున్నరు. గౌరిని బాయిలనే ఇడిసిపెట్టి ఇంటికెట్ల పోవాలె?" అన్నది.

మరి ఆ పిల్ల చెప్పిన ముగింపు ఇది. ఆ ఊళ్లో చీకటి పడగానే ప్రతి మనిషీ తన దీపం తెచ్చి చావడిలో పెట్టాలి. ఆ రోజు లెక్కపెడితే ఒక దీపం తక్కువయింది. ఎవరిదని ఎవరూ అడగలేదు, వంటలు పొయ్యిల మీదే వదిలేసి ఊరంతా వెతకడానికి బయలుదేరింది. గౌరి, మేకపిల్ల పైకి వచ్చి, ఆ దీపం వచ్చి వరుసలో చేరేదాకా ఒక్కరు కూడా ఇంటికి పోలేదు.

మా బాయిలో కూడా అంతే. షిఫ్టు అయిపోయి పైకి వచ్చాక ఎవరి దీపం వారు తిరిగి ఇవ్వాలి. ఒకటి రాలేదంటే ఒక మనిషి ఇంకా లోపల ఉన్నట్టు. నేను పదేళ్లు దిగాను. కాలు జారి పడి లేవలేని రోజు నన్ను వెతికించింది ఆ లెక్కే. ఆ కథ విన్న సాయంత్రం నేను బిందె నల్లా దగ్గరే మరచిపోయి వచ్చాను.

"సార్లకు చెప్పకు కాకా, పోరగాండ్లు నన్ను అబద్ధాలది అంటరు" అని పిల్ల బతిమాలింది. కాని రచయిత వచ్చి తన కథలో లేనిది విని అందరి ముందు ఆమెను మందలిస్తే అది ఇంకా ఘోరం. కాబట్టి ఆయనను ఆపండి. కావాలంటే ఓట్లు రద్దు చేయండి. తప్పు నా మీద రాసుకోండి.

లింగమూర్తి

తా.క. ముగింపు అబద్ధమని లస్మవ్వకు చెప్పి చూశాను. "పొల్ల పైకొచ్చిందా లేదా? వస్తే అబద్ధమెట్లయితది?" అన్నది.


హైదరాబాదు,
3 జూలై 1974

ప్రియమైన లింగమూర్తి గారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రచయితను ఆపమన్నారు. ఆపలేను. వసంతకీరం నేనే.

పోటీకి నాలుగే పుస్తకాలు వచ్చాయి. ఐదు పంపుతామని ముందే ప్రకటించేశాం. పన్నెండేళ్ల కిందట నేను మారుపేరుతో అచ్చు వేయించి, అటక మీద పడేసిన 'గౌరి' ప్రతులను లెక్క కోసం పంపాను. ఎవరూ ఓటు వేయరన్న ధైర్యంతోనే పంపాను. మీ సంచి విప్పినప్పుడు నా పరిస్థితి ఊహించండి. నా పుస్తకానికి ఓట్లు వచ్చాయని మిమ్మల్ని దొంగలన్నాను.

ఇక ముగింపు సంగతి. తాడు తెగాక నేను రాసిందేమిటంటే, హెడ్మాస్టరు గారు వచ్చి బావి గట్టు మీద నిలబడి, పెద్దల మాట వినకపోతే ఏమవుతుందో పద్నాలుగు పేజీలు చెబుతారు. గౌరి లోపలే ఉండి వింటుంది. ఆఖరి పేజీలో ఇంకో తాడు వేస్తారు. మిగతా పదకొండు ఊళ్లకు పంపిన ప్రతుల్లో ఆ పేజీలన్నీ భద్రంగా ఉన్నాయి. అక్కడ వచ్చిన ఓట్లు మీకు తెలిసినవే.

సమితికి అంతా చెప్పేశాను. బహుమతి నాకు వద్దన్నాను. పిల్లలు వేసిన ఓటు ఎవరు చెప్పిన కథకో వాళ్లకే చెందాలని తీర్మానం చేశాం. ప్రశంసాపత్రం మీద అనసూర్య పేరు రాయించాను. 'గౌరి'ని మళ్లీ అచ్చు వేస్తున్నాం. నలభై ఎనిమిది పేజీల వరకు నాది, ఆ తరువాత ఆమెది. పద్నాలుగున రామగుండం స్టేషన్లో దిగుతాను. ముగింపును ఆమె నోటితోనే చెప్పించి, ఒక్క ముక్క మార్చకుండా రాసుకుపోతాను. నేనేమన్నా మందలిస్తానని ఆ పిల్లకు దిగులుంటే, నా పద్నాలుగు పేజీలు ఆమెకిచ్చి చదవమనండి. వేరే కవరులో పంపుతున్నాను.

మీ,
సదాశివ

తా.క. అట్ట మీద ఎవరి పేరు ముందుండాలని సమావేశంలో వాదన వచ్చింది. వయసు ప్రకారమైతే నాది, అక్షరక్రమం ప్రకారమైతే అనసూర్యది. ఓటు పెడదామని అధ్యక్షులు అన్నారు. అక్షరక్రమమే చాలు అన్నాను.