వదిన కోసం చూసొచ్చిన ఇల్లు

భోగాపురం

అన్నయ్యకు,

నీ చెల్లెలు సత్యవతి నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ నేనూ మా ఆయనా బాగానే ఉన్నాం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను అని రాయబోయి కలం ఆపాను. వదినకు నొప్పి ఎలా ఉంది? నిద్ర పడుతున్నదా? నువ్వు వేళకు తింటున్నావా, లేక దుకాణంలో నిలబడే గుప్పెడు అటుకులు నోట్లో వేసుకుని కానిచ్చేస్తున్నావా? దొడ్డమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? అన్నిటికీ జవాబు రాయి. రాయడానికి బద్ధకమైతే వచ్చినప్పుడు చెప్పు.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావని తెలుసు. నువ్వు ఫోను స్పీకరులో పెట్టి, ఒక చేత్తో తూకం వేస్తూ మాట్లాడతావు. నేను చెప్పేది నీకంటే ముందు పంచదారకు వచ్చినవాళ్లు వింటారు. వాయిస్ మెసేజి పెడితే మరీ ఘోరం, వదిన పక్కనుండగానే నొక్కేస్తావు. ఈ సంగతి అలా చెప్పేది కాదు. అందుకే కాగితం మీద పెట్టి, సరుకు పని మీద నరసన్నపేట వస్తున్న మా ఆయన చేతికిచ్చి పంపుతున్నాను.

ముందు మా సంగతులు. వంద కిలోమీటర్లు కూడా లేని ఊరికి వచ్చి సింగపూరు వెళ్లినట్టు బెంగ పెట్టుకున్నానని నన్ను వెక్కిరిస్తావు కదా, వెక్కిరించు. బెంగ మాత్రం తగ్గలేదు. విమానాశ్రయం పనుల ధూళి, దాని మీద సముద్రపు గాలి. పొద్దున్న తుడిచిన డబ్బాల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. వ్యాపారం ఫరవాలేదు. కూలికి వచ్చినవాళ్లు బీహారు, బెంగాలు, ఒడిశా మనుషులు. ఆవనూనె అడుగుతారు, సత్తుపిండి అడుగుతారు. మన కందిపప్పు కేసి చూడరు. మీ బావ హిందీ ‘అచ్చా’ దగ్గర మొదలై ‘అచ్చా’ దగ్గరే ఆగిపోతుంది. నన్నందరూ ‘భాభీ’ అంటారు. అంటే వదిన అనే అర్థమట. పిలిచినప్పుడల్లా మన వదిన గుర్తొచ్చి చేతిలో డబ్బా అలాగే ఉండిపోతుంది.

వంట చేసుకుంటున్నాం, తింటున్నాం, నువ్వేమీ దిగులు పడకు. బెల్లం ఆవకాయ అయిపోవచ్చింది. దొడ్డమ్మ పెట్టిన జాడీలోంచి కొంచెం మా ఆయనతో పంపించు. ఇక్కడ కొన్నది ఆవకాయ కాదు, బెల్లం పాకంలో పడిపోయిన మామిడికాయ.

ఇక నువ్వు పురమాయించిన పని. విశాఖ డాక్టర్లు ఇంక చేసేదేమీ లేదని చెప్పిన వారానికి నువ్వు నాకు ఫోను చేసి, విజయనగరం దాటాక రామతీర్థం వెళ్లే దారిలో ఇలాంటి జబ్బులవాళ్లను చివరిదాకా చూసుకునే చోటు ఉందట, ఎలాంటిదో చూసి రమ్మన్నావు. వదినకు మాత్రం కడుపులో పుండని చెప్పానన్నావు. “ఆవిడకి తెలీనీకు సత్తీ, తట్టుకోలేదు” అన్నావు. సరేనని ఒట్టు కూడా పెట్టాను.

నాన్న సరుకు కొనేటప్పుడు బస్తాకు గుచ్చి గింజలు తీసే ఇనుప గొట్టం పట్టుకుని ఎలా తిరిగేవారో నీకు గుర్తే. బస్తా మూతి దగ్గర ఎప్పుడూ గుచ్చేవారు కాదు. అడుగున గుచ్చి, అరచేతిలో పోసుకుని, వాసన చూసి, ఒక గింజ కొరికి అప్పుడు బేరం మొదలుపెట్టేవారు. నేనూ అలాగే చేద్దామనుకున్నాను. ముందు గదిలో కూర్చోబెట్టి చెప్పే మాటలు బస్తా మూతి లాంటివి. అందుకని పేషెంటు తాలూకు మనిషినని చెప్పకుండా, పప్పులూ చిరుధాన్యాలూ సరఫరా చేస్తామని చెప్పి నేరుగా వంటింట్లోకి దూరాను. నువ్వు తిట్టుకోకు, నిజంగానే సంచిలో నమూనాలు పట్టుకెళ్లాను.

అక్కడే మొదటిసారి తెల్లబోయాను. పాతిక కేజీల లెక్కన చెప్పడం మొదలుపెడితే, వంటావిడ నన్ను ఆపి, చోడిపిండి, అదే రాగిపిండి కాస్త, కొర్రలు కాస్త, సగ్గుబియ్యం కాస్త కావాలంది. ఇంతింతే ఏం చేసుకుంటారమ్మా అన్నాను. ఎవరికి ఏది దిగితే అది చేస్తామంది. ఒకాయన చోడంబలి తప్ప ఏదీ తాగడట. ఒకావిడకు నోరంతా పుండ్లు, చల్లటి సగ్గుబియ్యం జావ ఒక్కటే హాయిగా ఉంటుందట. మనం పెళ్లిళ్లకు సరుకు వేశాం, హాస్టళ్లకు వేశాం. ఒక్కొక్క గొంతుకు ఒక్కొక్క గిన్నె పొయ్యి మీద ఉడకడం నేనెక్కడా చూడలేదు.

తర్వాత ఆ సరుకు వంకతోనే, చెప్పకుండా చాలాసార్లు వెళ్లాను. ఒకసారి పొద్దున్నే, ఒకసారి మిట్టమధ్యాహ్నం, ఒకసారి జోరువానలో. వెనకవైపు బట్టలు ఉతికే చోటు చూశాను. స్నానాల గదుల్లోకి వెళ్లి ముక్కు పెట్టి మరీ చూశాను. ఫినాయిల్ వాసన లేదు, ఏ వాసనా లేదు. కదల్లేని వాళ్లను వేళకు పక్కకు తిప్పుతున్నారు, వీపులు పుండ్లు పడలేదు. నొప్పికి మార్ఫిన్ ఇస్తారు. నొప్పి వచ్చాక కాదు, రాకముందే, వేళ ప్రకారం. వీళ్ల నర్సులు ఇళ్లకు కూడా వచ్చి చూస్తారు. ఖర్చు మనకు అందేదే.

వంకలు కూడా రాస్తాను, లేకపోతే నువ్వు నమ్మవు. సాంబారు నీళ్లు. వదిన ఒక్క ముద్ద కలుపుకోదు. వెనక గదుల గుమ్మాలు ఎత్తు, చక్రాల కుర్చీ ఎక్కించడానికి ఇద్దరు కావాలి. ఆదివారం డాక్టరు ఉండడు, పిలిస్తే వస్తాడు. ఒక మధ్యాహ్నం ఎవరో గంట కొడుతూనే ఉన్నారు, చాలాసేపు ఎవరూ రాలేదు. తర్వాత పెద్ద నర్సు సరోజిని గారిని నిలదీశాను. ఆవిడ సాలూరు వైపు మనిషి. పక్క గదిలో ఒకరు పోతున్నారని, ఆ చెయ్యి వదిలి రాలేకపోయానని, గంట కొట్టినవాళ్లకు తర్వాత వెళ్లి క్షమించమని చెప్పానని అంది.

అన్నయ్యా, ఇప్పుడు రాసేది నిదానంగా చదువు.

అక్కడ అప్పలనాయుడు గారని ఒక రైతు ఉన్నారు. వదినలాంటి జబ్బే. మంచం పక్కన ఆయన భార్య. ఒకరోజు నేనక్కడుండగానే సరోజిని గారు వచ్చి, ఆయన వైపు వంగి, “నాయుడుగారూ, ఏటి కావాలండీ?” అంది.

ఏటి కావాలి! మన దుకాణంలో పుట్టినప్పటి నుంచి వింటున్న మాట. పొద్దున తలుపు తీసింది మొదలు మనం ఎంతమందిని అడగలేదు! అడుగుతూనే మన చెయ్యి ఎప్పుడూ ఇచ్చే పొట్లం మీదికి వెళ్లిపోతుంది. అవతలివాళ్లు నోరు తెరిచేలోగా తూకం కూడా అయిపోతుంది. ఈవిడ అలా కాదు. అడిగి, స్టూలు లాక్కుని కూర్చుంది. ఆయన కళ్లు మూసుకునే ఉన్నారు. భోజనాల బండి వచ్చి వెళ్లిపోయింది. ఎవరో పిలిస్తే చేత్తోనే ఆగమంది. నిద్రపోయారేమోనని నేనే లేవబోయాను. అప్పుడు ఆయన నెమ్మదిగా, “ఇత్తనాలు నానేసుంటారు. మొలక ఓపాలి సూడాలనుంది” అన్నారు.

అంతే. మందు కాదు, నీళ్లు కాదు. ఆకుమడిలో చల్లాల్సిన వరి విత్తనాల మొలక.

నేను జోరువానలో వెళ్లానన్నానే, ఆ రోజున సరోజిని గారి కబురందుకుని ఆయన కొడుకు విత్తనాల తడి గోనెమూట నెత్తిన పెట్టుకుని వచ్చాడు. తెల్లటి గచ్చు పొడవునా నీళ్లు కారాయి. తిడతారని నేనే కొంగుతో తుడవబోయాను. ఆయా వచ్చి మూట కింద బేసిను పెట్టి, మంచానికి ఇంకా దగ్గరగా జరిపింది. తలగడలు పెట్టి ఆయన్ను లేవదీశారు. ఆయన గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు, అరచేయి విప్పి చూశారు. ఆ మొహం చూడవలసింది అన్నయ్యా. రోగి మొహం కాదు, ఇంటి యజమాని మొహం. “ఇంకా మొలక ముక్కు సరిగా రాలేదు. రేపు వద్దు, ఎల్లుండి సల్లండి” అన్నారు. కొడుకు తలూపాడు. తర్వాత భార్య వైపు తిరిగి, “వచ్చే ఏడు ఇది నువ్వే సూసుకోవాల” అన్నారు.

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆయన అరచేతిలో గింజల మీద తన చెయ్యి పెట్టి, “నేర్పినావు కదా, సూసుకుంటాను” అంది.

నేను తెలియకుండానే చేతులు జోడించాను. గుడిలో కూడా నాకు ఎప్పుడూ అలా కాలేదు. చావు అంటే ఏడుపులూ, దాపరికాలూ, గుసగుసలూ అనే నాకు తెలుసు. చావు ఇంటికొచ్చి కూర్చున్నాక కూడా మొగుడూ పెళ్లాం పొలం సంగతి మాట్లాడుకోవచ్చని, వచ్చే ఏడాది అనే మాట అప్పటికి ఒకరు ఉండరని తెలిసి కూడా ఇద్దరూ కలిసి అనుకోవచ్చని నాకు తెలియదు.

ఆ రోజే సరోజిని గారికి నిజం చెప్పేశాను, పప్పుల కోసం రాలేదని, మా వదిన కోసం వచ్చానని. ఆవిడ నవ్వి, స్నానాల గదులు వాసన చూసే పప్పుల వ్యాపారి ఉండరని తనకు ముందే అనుమానం వచ్చిందంది. జబ్బు సంగతి అంతా విని, ఒక్కటే అడిగింది, ఆవిడకు తెలుసా అని. తెలీదండీ, మా అన్నయ్య ఎంతో జాగ్రత్తగా దాచాడని గొప్పగా చెప్పాను. ఆవిడ మెల్లగా, “తెలీదని ఆవిడ మీకు సెప్పారా అమ్మా?” అంది.

నేను తల దించుకుని నమూనాల సంచి సర్దుకున్నాను. ఎందుకో ఇప్పుడు రాస్తున్నాను, కోపం వస్తే నన్ను తిట్టు.

నువ్వు నాకు ఫోను చేయడానికి ముందే వదిన చేసింది. తన ఫోను ఎప్పుడూ నీ చేతిలోనే ఉంటుందని, ఎదురింటి వాళ్ల ఫోను నుంచి. ఆవిడ మాటలు ఆవిడ అన్నట్టే రాస్తున్నాను. “ఒసే సత్తీ, నాది పుండు కాదే. పెళ్లయినకాడి నుంచి మీ అన్నయ్య నాతో దెబ్బలాడని రోజు లేదు. కూరలో ఉప్పెక్కువైతే ఇల్లు పీకి పందిరేసీవోరు. ఇప్పుడు ఏటి పెట్టినా బాగుందంటన్నారు. ఆయన దెబ్బలాడ్డం మానీసిన రోజే నాకు తెలిసిపోనాది. మీ వైపు నొప్పి లేకుండా సూసే ఇల్లేదో ఉన్నాదట, ఎల్లి సూడు. మీ అన్నయ్యకి మాత్రం సెప్పకు. తట్టుకోలేరు.”

ఇద్దరిదీ ఒకే మాట. ఆవిడ కోసం నువ్వు, నీ కోసం ఆవిడ. ఒక గోడకు ఇటొకరూ అటొకరూ నిలబడి, అది అవతలివాళ్ల మీద పడిపోకుండా ఇద్దరూ మోస్తున్నారు. నేను మధ్యలో ఇద్దరికీ ఒట్టు పెట్టి, ఇద్దరి దగ్గరా నవ్వుతూ మాట్లాడుతున్నాను. ఇవాళ ఇద్దరి ఒట్టూ తీసి గట్టున పెట్టేశాను. పాపమైతే నాకే.

చోటు మంచిదా అని అడిగావు. మంచిది. నాన్న ఉంటే గింజ కొరికి తలూపేవారు. కానీ అక్కడికి తీసుకురావాలో, నర్సునే ఇంటికి రప్పించుకోవాలో చెప్పవలసింది నువ్వూ కాదు, నేనూ కాదు. తన పక్క ఎక్కడ వేయాలో వదినే చెప్పాలి. అడగాలంటే ముందు దాచడం మానాలి. అన్నయ్యా, ఆ సరోజిని గారు ఇవ్వగలిగిందంతా నొప్పి లేని రోజులు. ఆ రోజులు మీ ఇద్దరూ నాటకం ఆడుకుంటూ గడిపేస్తే ఎంత మంచి చోటైనా ఏం లాభం?

ఎలా మొదలుపెట్టాలో తెలీదంటావు. నాకు తెలుసు. ఇవాళ భోజనం దగ్గర ఉప్పెక్కువైందని దెబ్బలాడు. ఆవిడకు అర్థమైపోతుంది. మిగతాది ఆవిడే మాట్లాడుతుంది.

దొడ్డమ్మ పాదాలకు నా నమస్కారం. వీధిలో నన్ను అడిగినవాళ్లందరికీ బాగున్నానని చెప్పు. మీ బావ తినకుండా బయలుదేరుతున్నారు, ఇంత అన్నం పెట్టి పంపించు. నన్ను దీవించు, చిన్నదాన్ని, పెద్ద మాటలు రాశాను. వదినకు మాత్రం నేనడిగానని నువ్వు నోటితో చెప్పకు. ఆ దెబ్బలాట అయ్యాక ఈ కాగితం ఆవిడ చేతికే ఇచ్చి, పక్కన కూర్చో.

నీ దీవెనలు కోరే
సత్తి