కోడలు మంచం దిగింది

అయినా అత్తమ్మా, గర్భసంచిలో గడ్డ తీయించుకున్నదాన్ని బాలింతలా కట్టి పడుకోబెడితే బిడ్డ ఎక్కడి నుంచి వస్తుంది? పాలు కాచి మూత పెట్టాను. మీరు కట్టిన నడుంకట్టు విప్పి దండెం మీద వేశాను. కదలకుంటే లోపల అన్నీ అతుక్కోవచ్చు, పిల్లలు కావడం కష్టమవుతుంది, రోజూ నడవమని భువనగిరి డాక్టరమ్మ మీ ముందే చెప్పింది. "గామెకేం తెలుసు? కుట్లు ఊడితే గామె వచ్చి కుడతదా?" అన్నారు. మగ్గానికి ఎక్కించే పడుగుకు గంజి పెట్టినప్పుడు మాత్రం పోగులు అతుక్కుంటాయని ఆరేదాకా కుంచెతో దువ్వుతూనే ఉంటారు. ఆ నూలుకున్న అదృష్టం నాకు లేదు. గల్లీ చివరిదాకా నడిచి వస్తాను.

మానస

మరిచాను. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేస్తున్నాను. మీ నిద్ర చెడుతుందని కాదు. "బిడ్డా" అని ఒక్కసారి పిలిచారంటే వెనక్కొచ్చి పడుకుంటాను.