ధర్మవరం అతని మౌనం

అన్నా,

నువ్వు పోయాక ఏడాదికి పెనుకొండలో మళ్లీ హాస్యపోటీ పెట్టారు. జనంలోంచి ఎవరైనా ఒక మాట అంటే దానిమీద అప్పటికప్పుడు ఆడి నవ్వించాలి. ధర్మవరం బృందం ఎప్పుడూ మాట మీద మాట గుప్పిస్తుంది. నోరు విప్పకుండా నవ్వించడం నువ్వు మన హిందూపురం వాళ్లకే నేర్పావు.

నిన్న ఎవరో "గొడుగు" అన్నారు. ధర్మవరం అతను అచ్చం నీలాగే మెడ గోక్కుంటూ ఊరికే నిలబడ్డాడు. హాలంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. నీ వీడియోలు చూసి కాజేశాడనుకుని బయట నిలదీశాను.

"యాడ నేర్చుకున్నావప్పా ఇది?"

"మీ అన్నే నేర్పిచ్చినాడు. ఆదివారాలు మా ఊరికి వస్తాండె. మీకు చెప్పద్దన్నాడు."

ఆదివారాలు మోకాలి మందుకని మాతో చెప్పి వెళ్లేవాడివి. ఇప్పుడు నా అనుమానమంతా నీమీదే. మాకు నేర్పకుండా వాళ్లకే నేర్పింది ఏమైనా ఉందా అన్నా?