రాక్షసుల రాజుకు మా లావణ్య గొంతు

గురువారం, రాత్రి

హాస్టల్ ఆంటీని ఇంకో గరిటె పప్పు అడగడానికి కూడా నన్నే పంపే పిల్ల నా రూమ్మేట్ లావణ్య. ఇవాళ తోడు రమ్మంటే పంజాగుట్టలో డబ్బింగ్ స్టూడియోకి వెళ్లాను. తెలుగులోకి మారుస్తున్నది యానిమే, అంటే జపాన్ కార్టూన్ సీరియల్. వీడియో గేమ్ ఆడే కుర్రాడొకడు ఆ గేమ్‌లోని దుష్ట రాక్షస రాజ్యానికే రాజైపోతాడు. కుర్రాళ్ల గొంతు అమ్మాయిలు చెప్పడం మామూలేనట, ఆ కుర్రాడి గొంతుకి లావణ్యను పరీక్షిస్తున్నారు.

తెర మీద వేలమంది రాక్షసులు మోకరిల్లారు. "వీనికి లోపల భయముంది, కానీ వాళ్లకు తెల్వద్దు," అన్నాడు డైరెక్టర్.

లావణ్య కళ్లు మూసుకుంది. "లేవండి! మిమ్మల్ని చెడ్డవాళ్లన్నవాళ్లు ముందు నాతో మాట్లాడాలి."

రికార్డింగ్ గది అద్దం ఇవతల నేనూ లేచి నిలబడ్డాను. డైరెక్టర్ హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టాడు. "ఈ పాత్ర నువ్వే చేస్తున్నవ్," అన్నాడు.

బయటికొచ్చి లావణ్య, "మంచిగనే వచ్చిందా అక్కా?" అంటుంది!

అమీర్‌పేటలో జావా కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటోందనే వాళ్ల నాన్న నమ్మకం. మెట్రో స్టేషన్ మెట్ల మీదే నిలబడి ఆయనకు ఫోన్ చేసింది. "నాయినా, కోర్సు బందు చేసిన. డబ్బింగ్ పని దొరికింది."

స్పీకర్లో ఆయన, "రేపు పొద్దుగాల బస్సుకొస్త," అని ఫోన్ పెట్టేశారు. కోపంతో వస్తున్నారో, కూతురి పని చూడ్డానికొస్తున్నారో, ఇద్దరికీ అర్థం కాలేదు.

తను నిద్రపోతోంది. పక్క మంచం మీద ఏడాదిగా అంత గొంతుంటే నాకెలా తెలియలేదు?