బంతిని చూసినవాడు

12 ఫిబ్రవరి, ఆదివారం

బావగారికి నమస్కారాలు.

నా మోకాలు తప్ప ఇక్కడ అంతా క్షేమం. మీ క్షేమం అక్క ఫోనులో చెబుతూనే ఉంటుంది కాబట్టి అడగను. ఆదివారాలు పేపరు ముందేసుకుని ఒకే పేజీ పట్టుకు కూర్చుంటున్నారట. నా ఫోను ఎత్తరు కనక ఈ ఉత్తరం. మధ్యలో పక్కన పడేయాలనిపించినా చివరిదాకా చదవండి.

ఇక విశేషాలు. జిమ్నాసియంలో ఎడమవైపు దీపాలు రెండు ఇంకా వెలగవు. స్కోరు బల్ల మీద హారన్ మార్చారు, ఇప్పుడది లారీలా మొత్తుకుంటోంది. మీ స్థానంలో నాకు జోడీగా ఈత కోచ్‌ను ఇచ్చారు. మంచివాడే. కాకపోతే ఆట మొదలైతే నీళ్ళలో ఉన్నట్టు ఊపిరి బిగబడతాడు, విజిల్ ఊదాల్సిన సమయానికి గాలి ఉండదు.

నిన్న కొత్త బాస్కెట్‌బాల్ రిఫరీలకు పాఠం చెప్పమన్నారు. ఐదుగురు వచ్చారు. పదకొండేళ్ళ కిందట మీరు నాకు చెప్పినదానితోనే మొదలుపెట్టాను. ఇద్దరు రిఫరీల్లో ఒకరు రింగ్ కింద గీత దగ్గర ఉండాలి, ఒకరు ఆట వెనకాల ఉండాలి. బంతి ఎవరి వైపు ఉంటే వాళ్ళే దాన్ని చూడాలి, రెండోవాళ్ళు బంతి లేని ఆటగాళ్ళ మోచేతులు చూడాలి. చివరి సెకనులో వేసిన బంతి హారన్‌కు ముందే చెయ్యి వదిలిందా లేదా అన్నది వెనకవాళ్ళు తేల్చాలి. బంతిని చూసే సుఖం జనానిది, మనది కాదు అని మీరనేవారు. అదీ చెప్పాను, నా సొంత మాటలాగే. అందరూ నవ్వారు.

వాళ్ళలో ఒక బ్యాంకు గుమస్తా ఉంది, ప్రశ్నల పుట్ట. మన వైపు కానిది కంటపడితే ఏం చెయ్యాలండీ అని అడిగింది. ఎవరైనా అడిగితే చూసింది చూసినట్టు చెప్పాలన్నాను. అలా చెబితే మన వైపు చూడలేదని తెలిసిపోదా అంది. టీ తాగి వద్దాం పదండి అన్నాను.

ఆ ఫైనల్ సంగతి మన ఇంట్లో ఎవరూ ఎత్తరు. నేనే ఎత్తుతున్నాను. బస్సు డిపో జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది. చివరి బంతి గాల్లోకి లేచింది, హారన్ మోగింది, బంతి రింగ్‌లో పడింది. వెనకాల ఉన్నది మీరు. చెల్లుతుందని చెయ్యి దించారు. మీరు పనిచేసేదీ డిపోలోనే కాబట్టి ఆసుపత్రి జట్టు గొడవ చేసింది, ఊళ్ళో మనిద్దరం తప్ప రిఫరీలు లేరని తెలిసి ముందే ఒప్పుకుని కూడా. పోటీల కమిటీ నన్ను అడిగింది. నేనున్నది రింగ్ కింద, నా పని అక్కడి ఆటగాళ్ళను చూడటం, బంతిని చూడలేదు అన్నాను. రూల్ ప్రకారం పొల్లుపోని జవాబు. మిమ్మల్ని పక్కన పెట్టారు.

మీ పేరు రిఫరీల జాబితాలోంచి పూర్తిగా కొట్టేయాలా అని ఈ బుధవారం మళ్ళీ కూర్చుంటున్నారు. మీరు వెళ్ళనన్నారని అక్క చెప్పింది. వెళ్ళండి బావగారూ.

అక్క వంటింట్లో కుళాయి కారుతోందట. గురువారం వచ్చి వాషర్ మారుస్తాను. మీరు మాట్లాడకపోయినా పర్వాలేదు.

ఇట్లు,
మీ దగ్గర విజిల్ పట్టడం నేర్చుకున్న
మీ బావమరిది

తా.క. ఆ రోజు నేను బంతినే చూశాను. హారన్ కంటే ముందే అది చెయ్యి వదిలింది. మీరు చెప్పింది అక్షరాలా నిజం. అదే క్షణంలో నా ఎదుట ఆసుపత్రి జట్టు పొడుగాయన పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఎవరు తోశారంటే, తనంతట తనే జారాడన్నాను. నిజానికి నాకు తెలియదు. పదకొండేళ్ళలో ఒక్కసారి జనంలాగా తల పైకెత్తాను. మీది నిజమంటే నా వైపు నేను చూడలేదన్నది బయటపడుతుంది. సిగ్గేసింది, భయమేసింది, మిమ్మల్ని ముంచాను. ఇదంతా రాసి సంతకం పెట్టి ఈ పొద్దున కమిటీకి ఇచ్చాను, నా విజిల్‌తో సహా. పొడుగాయన ఇంటికీ వెళ్ళాను. తలుపు తీశాడు, మొత్తం విన్నాడు, మళ్ళీ వేసుకున్నాడు. వచ్చే శనివారం పాఠం చెప్పడానికి మనిషి కావాలి. ఆ గుమస్తాకు నేనింకా జవాబు చెప్పలేదు.